అక్క పొలంలో చేపల చెరువు

ఆ వీధిలో తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆమెని అక్కా అనే పిలుస్తారు. ఇంకోలా పిలిస్తే పలకదని కాదు, పలికే తీరు వేరుగా ఉంటుందని. మనకెందుకొచ్చిన గొడవ, మనమూ అక్క అనే అందాం.

అక్కకి యాభై ఏడేళ్లు. పొడుగ్గా, సన్నగా, ఎండుకట్టెలా ఉంటుంది. ఎప్పుడో కొడవలి కోసుకుని కుడిచేతి చూపుడువేలు సగానికి వంగిపోయింది. ఆ వంకరవేలు ఆడిస్తూ మాట్లాడిందంటే ఎదుటివాడు సగం ఒప్పేసుకున్నట్టే. ఎరువుల దుకాణంవాడు ఊరందరికీ తూకంలో చేతివాటం చూపిస్తాడు గానీ, అక్క వస్తోందంటే కాటా తుడిచి పెడతాడు. ఓ ఏడు కాలవ నీళ్లు వదిలే మనిషి ఆమె వంతు రాకముందే తూము కట్టేశాడు. గట్టు మీద ఆమె రావడం చూసి సైకిల్ అక్కడే పడేసి చేలకి అడ్డంపడి పోయాడు. అక్క ఆ సైకిల్‌ని రెండు మైళ్లు తోసుకుంటూ వాళ్లింటికి తీసుకెళ్లి, గుమ్మంలో నిలబెట్టి, తిట్టాల్సిందంతా అక్కడ తిట్టి వచ్చింది. ఊరికి ఆమె నోరంటే భయం. ఆమెకి మాత్రం తన నోరంటే నమ్మకం.

నాన్న పోయేనాటికి ఆమెకి ఇరవై మూడు, తమ్ముడికి పదకొండు. అమ్మ అంతకు ముందే పోయింది. మిగిలింది మూడెకరాల చెక్క, ఒక జత ఎద్దులు. పొలం అమ్మేసి పిల్లాణ్ని తీసుకుని మా ఇంటికొచ్చెయ్యమన్నారు మేనమామలు. అక్క తమ్ముణ్ని పట్నంలో హాస్టల్లో వేసి, తను నాగలి పట్టుకుంది. సంబంధాలు వచ్చాయి. వాడు గట్టెక్కాక చూద్దాంలే అంది. వాడు గట్టెక్కాడు, పెళ్లి చేసుకున్నాడు, కణతల దగ్గర జుట్టు కూడా నెరిసింది. ఈలోగా సంబంధాలవాళ్లు ఆ ఇంటి దారి మర్చిపోయారు. దాని గురించి ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఆమెకి పొలమే పుట్టిల్లు, పొలమే అత్తిల్లు. నాన్న వదిలి వెళ్లినప్పుడు అది పలచటి నేల, వేసిన ఎరువంతా ఎక్కడికో పోయేది. ఎండాకాలం వచ్చిందంటే ఊరి బయట ఎండిన చెరువులోంచి ఒండ్రుమట్టి బండికెత్తుకుని తెచ్చి పోసేది. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, పదిహేను ఎండాకాలాలు. తోలి తోలి ఎద్దులు మారాయి, బండి ఇరుసులు మారాయి, ఆమె నడుం కూడా కొంచెం మారింది. చివరికి ఆ మూడెకరాల్లో మూడడుగుల మందాన నల్లమట్టి పేరుకుంది. వాన వెలిశాక అందులో అడుగేస్తే చెప్పు లాగేసుకునేది, పక్కవాళ్ల చేలల్లో అలా ఉండేది కాదు. ఉల్లి వేసినా మొక్కజొన్న వేసినా కాపు చూడ్డానికి జనం సైకిళ్లు ఆపేవాళ్లు.

కాగితాల్లో మాత్రం పొలం తమ్ముడి పేరునే ఉంది. అలా రాయించింది కూడా అక్కే. తమ్ముడి పెళ్లైన ఏడాది వాణ్ని రిజిస్ట్రారు ఆఫీసుకి వెంటబెట్టుకుని వెళ్లింది. నీ పేరు కూడా పెట్టించుకో అక్కా అని వాడు రెండుసార్లు అన్నాడు. "నాకు కాగితమెందుకురా, పొలం ఉందిగా" అంది. అక్కడున్న గుమస్తా కూడా నవ్వాడు.

తమ్ముడు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత అందరికీ సులువు. దగ్గర్లోని పట్నంలో కుర్చీలూ బల్లలూ అద్దెకిచ్చే దుకాణం నడుపుతాడు. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు మూడొందలు, ప్రతి కుర్చీ వీపు మీదా ఎర్రరంగుతో అంకె. రోజూ మోటారు సైకిల్ మీద వెళ్లి చీకటి పడకముందే ఇంటికి చేరతాడు. అక్క ఎదుట కాలు మీద కాలేసుకుని కూర్చోడు. అతని భార్య, అంటే అక్క మరదలు, ఇంకా మెత్తన. వదిన దగ్గినా పొయ్యి ముందునుంచి లేచి నిలబడుతుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. అక్కని ఎవరూ ఏదీ అడగరు. అడిగే పని లేదు. చెయ్యదల్చుకున్నదాన్ని ఆమె వసారాలో ఉన్న వేళ చూసి, ఆమె చెవిన పడేలా ఇంకెవరితోనో అంటారు. "ఇదిగో, పాత మోటారు తీసేసి కొత్తది పెట్టిద్దామనుకుంటున్నా" అని తమ్ముడు భార్యతో అంటాడు. ఆమె ఊఁ అంటుంది. ఆ ఊఁకి విలువ లేదని ఆమెకీ తెలుసు. ఇద్దరి చెవులూ వసారా వైపే ఉంటాయి. అక్క చేతిలో పని ఆగకపోతే మోటారు వచ్చేసినట్టే. ఆగిందంటే మాత్రం, చేట కింద పెట్టి, "ఎవడ్రా నీకు చెప్పింది, మోటారుకేం రోగం, ఫుట్‌వాల్వు తుప్పు పట్టింది, దాన్ని మార్చి చావు" అని మొదలవుతుంది. అప్పుడు ఫుట్‌వాల్వు వస్తుంది. గోడకి రంగైనా, పాత బీరువా అమ్మడమైనా ఇదే వరస. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ ఇంట్లో అక్క మౌనం పూర్తి అంగీకారమే, పైన సంతకంతో సహా. ఇరవై ఏళ్లుగా ఇలాగే నడిచింది, ఒక్కసారీ బెడిసికొట్టలేదు.

పొలం పక్కనుంచి వెళ్లే రోడ్డుని వెడల్పు చేశాక తమ్ముడి బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. ఎక్కడో ఓ చేపల చెరువు దగ్గరికి కుర్చీలు అద్దెకి తీసుకెళ్లి చూసొచ్చాడట. పట్నంవాళ్లు సెలవురోజుల్లో కార్లలో వచ్చి, గొడుగుల కింద కూర్చుని, గంటకింతని ఇచ్చి గాలాలు వేస్తున్నారట. "పట్టిన చేపని ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లల్లోనే వదిలేస్తున్నారు" అని భోజనాల దగ్గర చెప్పాడు.

"వదిలేదానికి పట్టడమెందుకు? దాని నోరు చిరిగిందే, దానికేం చెప్తారు?" అంది అక్క. మరదలు పొలమారేదాకా నవ్వింది. అక్క ఆ మాటని అక్కడే మర్చిపోయింది. తమ్ముడు మర్చిపోలేదు. జనం ఊరికే కూర్చోడానికి కూడా డబ్బిస్తారన్న సంగతి కుర్చీలవాడికి కాక ఇంకెవరికి పడుతుంది.

ఉల్లి తవ్వేసి పొలం ఖాళీగా ఉన్న వారంలో ఒకరోజు పొద్దున తమ్ముడు ఓ మనిషిని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. చేపల మేష్టారట. ఏ బళ్లోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. చేపపిల్లలు అమ్ముకుంటూ, చెరువు ఎవరెంత లోతు తవ్వాలో చెబుతుంటాడు కాబట్టి మేష్టారయ్యాడు. అక్క అప్పుడు ఎండిన ఉల్లి ఆకుని కుప్ప వేస్తోంది.

"ఈవిడ?" అన్నాడు మేష్టారు.

"మా అక్కండి. పొలం చూసుకుంటూ ఉంటుంది."

తప్పుమాటేమీ కాదు. ఇంటికి తాళం వేసి ఊరెళ్తూ పక్కింటివాళ్ల గురించి కూడా అదే అంటాం, కాస్త చూసుకుంటూ ఉంటారని. అక్క చేతిలో ఉల్లి ఆకు అలాగే ఉండిపోయింది.

"లోపల నేలెలాంటిది?" మేష్టారు అడిగింది తమ్ముణ్ని.

"మొత్తం నల్లమట్టేనండి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా."

అతను చిన్నప్పట్నుంచీ చూసింది సెలవులకి వచ్చినప్పుడు, అదీ గట్టు మీద నిలబడి. అక్క మూడడుగుల దూరంలో ఉంది. మేష్టారు రెండడుగులు పారతో తీయించి, పిడికెడు మట్టి తీసి, తడిపి, ఉండచేసి, పైకెగరేసి పట్టుకున్నాడు. ఉండ విడిపోలేదు. "బంగారం లాంటి మట్టి. చుక్క నీరు ఇంకదు" అన్నాడు. తమ్ముడు ఆ బంగారమేదో తనే కన్నట్టు మొహం పెట్టాడు.

అక్కకి తెలుసు. పదకొండేళ్ల కిందట పెద్ద ఎద్దు చచ్చిపోతే దాన్ని చర్మంవాళ్లకి ఇవ్వడానికి మనసొప్పక, పొలంలోనే పాతిపెట్టింది. కూలిమనిషితో కలిసి తనూ తవ్వింది. మూడడుగులు నల్లమట్టి. ఆ కింద తెల్లగా, బరకగా, వరదకాలవలో ఉండేలాంటి ఇసక. నిలువులోతు తవ్వినా ఇసకే. అదే ఏడు ఇంకో మూల పెంటదిబ్బ కోసం గొయ్యి తీస్తే అక్కడా అంతే. ఎప్పుడో ఏ ఏరో ఆ దారిన పోయి ఉంటుందనీ, నాన్న కాలంలో వేసిన ఎరువంతా అందులోకే పోయిందనీ ఆరోజు అర్థమైంది. ఆ నేల మీద నీళ్లు నిలుస్తున్నాయంటే అది పదిహేనేళ్లు తను మోసిన ఒండ్రు చలవే. దాన్ని తీసేస్తే మిగిలేది జల్లెడ.

ఇదంతా చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఇంకో రోజైతే ఆ మేష్టారు తను కట్టిన మట్టి ఉండ తనే మింగి వెళ్లేవాడు. కానీ ఆ రోజు ఆమె వంకరవేలు కొంగులో చుట్టుకుని నిలబడిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఈ నేలని గీకిందాన్ని, నేల సంగతి ఎదురుగా ఉన్న నన్నడక్కుండా కుర్చీలవాణ్ని అడిగారు, వాడు చెప్పాడు కూడా. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. సరే, ఈసారి నా మొహంలోకి చూసి, అక్కా నీకేం తెలుసని అడగనీ. అడిగితే చెప్తా. అడగందే అమ్మైనా పెట్టదు.

చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినవాడి సామెత ఒకటుంది. అది ఆమెకి తెలియంది కాదు, ఊళ్లో సగం మందికి ఆ సామెత నేర్పిందే ఆమె. కానీ సామెత ఎదుటివాడి కోసం పుట్టింది.

ఆ సాయంత్రం అక్క వసారాలో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. తమ్ముడు లోపల్నుంచి గడప దాకా వచ్చి ఆగాడు.

"ఇదిగో, వింటున్నావా, పొలంలో చెరువు తవ్విద్దామనుకుంటున్నా" అన్నాడు భార్యతో. "మొత్తం మూడెకరాలూ."

"ఊఁ" అంది మరదలు.

చిక్కుడుకాయలు టప్ టప్ మంటూనే ఉన్నాయి.

రెండోరోజు గొంతు పెంచాడు. "ఎనిమిదడుగుల లోతు కావాలట. పొలం ఇంక పొలంగా ఉండదు మరి." ఆ రెండో ముక్క భార్యకి చెప్పాల్సిన అవసరమే లేదు. మరదలు ఊఁ అనడం కూడా మర్చిపోయి వసారా వైపు చూసింది. అక్క తలెత్తలేదు.

మూడోరోజు వచ్చి వసారా మెట్టు మీద, అక్కకి రెండు మూరల దూరంలో, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపు చెప్పు మీద మట్టి గోకాడు. "పొక్లెయిన్ మాట్లాడేశా. సోమవారం దించేస్తానన్నాడు" అన్నాడు, ఎదురుగా పోతున్న మేకకి చెబుతున్నట్టు. అతని వీపు, నెరిసిన వెనకజుట్టు అక్కకి బాగా కనబడుతున్నాయి. ఒక్కసారి ఇటు తిరగరా అనుకుంది. తిరిగి, ఏమంటావక్కా అంటే చాలు. అప్పటికే వలిచేసిన డొల్లకాయని తీసుకుని మళ్లీ వలిచింది. అతను ఎంతసేపో కూర్చుని, లేచి లోపలికి వెళ్లాడు.

మర్నాడు మరదలు వంటింట్లో గరిటె పట్టుకుని దగ్గరికొచ్చింది. "వదినా, మీ ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం. గుండ్రాయిలా ఉన్నా."

మరదలు ఇంకేదో అనబోయింది. వదిన కళ్లు చూసి గరిటె కడగడానికి వెళ్లిపోయింది.

అక్కకి తన లెక్క తనకుంది. తవ్వనీ. నాలుగో అడుగున ఇసక పడుతుంది. నీళ్లు నిలవవు. చచ్చినట్టు నా దగ్గరికే వస్తారు. తీసిన నల్లమట్టి ఎక్కడికి పోతుంది, గట్టునే ఉంటుంది. అదే యంత్రంతో మళ్లీ లోపలికి తోయించి చదును చేయిస్తా. ఒక పంట పోతుంది. పోతే పోనీ, బుద్ధొస్తుంది. పక్కపొలం ముసలాయన గట్టు మీద తారసపడి, "ఏంటక్కా, చెరువంటగా, నీకు తెలిసే?" అన్నాడు. "తెలుసు" అంది. "నీకు తెలిసి జరుగుతుంటే ఇంకేముందిలే, ఏదో ఆలోచించే ఉంటావు" అని ఆయన తన దారిన వెళ్లాడు.

సోమవారం యంత్రం రాలేదు. ఎక్కడో పనిలో ఇరుక్కుందట, వచ్చే సోమవారమట అని తమ్ముడు గోడ గడియారంతో చెప్పాడు. ఆ వారమంతా పొద్దునే దుకాణానికి వెళ్లబోతూ వసారాలో ఊరికే ఆగి, బండి అద్దం తుడుచుకుంటూ నిలబడేవాడు. అక్క వాకిలి ఊడ్చుకునేది.

తర్వాతి సోమవారం యంత్రం దిగింది. మొదటి రోజు ఆమె పొలం వైపు వెళ్లలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ మోత చెవుల్లో పడుతూనే ఉంది. రెండోరోజు పొద్దున వీధిలోంచి టిప్పర్ లారీ ఒకటి పోయింది. దాని వెనకే ఇంకోటి. రెండింటి అంచుల మీంచీ నల్లటి మట్టి రాలి రోడ్డు మీద పడుతోంది. అక్క వాకిట్లోకి వచ్చి ఆ ముద్దని చేత్తో తీసి చూసింది. తన మట్టి తనకి తెలీదా.

తర్వాత తెలిసింది, బేరం అదేనట. పైమట్టి యంత్రం వాడు తీసుకుపోతాడు, బదులుగా తవ్వకానికి కిరాయి ఉండదు. పట్నంలో కొత్త మేడల ముందు పచ్చగడ్డి పెంచుకోడానికి నల్లమట్టికి గిరాకీ ఉందట. గట్లకి కింది మట్టి సరిపోతుందని మేష్టారు భరోసా ఇచ్చాడట. ఈ ముక్క తమ్ముడు వసారాలో అనలేదు. మట్టి కూడా ఓ వస్తువని, దాన్ని గురించి కూడా చెప్పాలని అతనికి తోచలేదు.

అక్క చెప్పుల్లేకుండా బయల్దేరింది. ఆ నడక చూసి కిళ్లీకొట్టువాడు బేరం ఆపి చూశాడు. ఇవాళ ఎవడికో మూడిందన్నాడు. పొలం గట్టెక్కేసరికి సగం చెక్క చెక్కేసి ఉంది. పదిహేను ఎండాకాలాలు ఒకదాని మీద ఒకటి నల్లగా లారీకి ఎక్కుతున్నాయి. తమ్ముడు తలకి తువ్వాలు కట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి రెండడుగులు ముందుకు వేశాడు. ఆమె నోటిదాకా వచ్చింది. ఆపరా, అన్నమాట నాలుక మీదే ఉంది.

"అమ్మమ్మా, పక్కకి జరుగు, బకెట్ తగులుద్ది" అని యంత్రం మీంచి అరిచాడు నడిపేవాడు.

తమ్ముడు గబగబా వచ్చాడు. పనివాళ్ల కోసం వేసిన టెంటు కింద ఉన్న తెల్ల కుర్చీ ఒకటి తెచ్చి నీడలో వేసి, చేత్తో దుమ్ము దులిపాడు. వీపు మీద నూట పన్నెండని రాసుంది. "ఎండలో ఎందుకొచ్చావక్కా, కూర్చో" అన్నాడు.

ఆ పొలంలో ఆమె ముప్పై నాలుగేళ్లలో ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. కూర్చుంటే గట్టు మీద, కాదంటే నేల మీద. తన పొలంలో తనకి అద్దెకుర్చీ వేసి మర్యాద చేశారు, చూడ్డానికొచ్చిన చుట్టానికి చేసినట్టు. నోట్లో మాట నోట్లోనే గడ్డకట్టింది. ఆ కోపం గనక బయటికి వచ్చి ఉంటే సగం పొలమైనా మిగిలేది. కానీ కొన్ని కోపాలు అరుపుగా రావు. చుట్టాన్నేనా? అలాగే కానీ అనుకుంది. కూర్చుంది.

తమ్ముడు కాసేపు ఆమె పక్కనే నిలబడ్డాడు. ఆమె కళ్లు లారీ మీదే ఉన్నాయి. అతను తిరిగి వెళ్లి లారీవాడికి చెయ్యి ఊపాడు. సాయంత్రం దాకా ఆమె ఆ కుర్చీలోనే కూర్చుని, మట్టంతా పోయేదాకా చూసింది.

మూడోరోజుకి ఇసక తేలింది. తెల్లగా, బరకగా, ఎంత తవ్వితే అంత. తమ్ముడు ఫోన్ చేస్తే మేష్టారు వచ్చి, అంచున నిలబడే చూసి, "ఏం పర్లేదు, నీళ్లు పెట్టి నాలుగు రోజులు నాననిస్తే సందులు పూడిపోతాయి" అన్నాడు. సందులు పూడటానికి పనికొచ్చే జిగట మట్టి అప్పటికే పట్నంలో మేడల ముందు గడ్డి మొలిపిస్తోంది. రోజూ పగలంతా మోటారు ఆడింది. సాయంత్రానికి మోకాలి లోతు, పొద్దుటికి చీలమండ లోతు. ఇటేమో కుర్చీలు వేసేశారు, గొడుగులు పాతేశారు, పట్నంలో తెలిసినవాళ్లందరికీ చెప్పేశారు. ఆలూ లేదు చూలూ లేదు గానీ టికెట్ పుస్తకాలు కూడా అచ్చయ్యాయి.

ప్రారంభానికని ఆదివారం పొద్దునే పీపాల్లో చేపలు దించారు. ఒక్కోటీ మూరెడు. మోటారు రెండ్రోజులు ఆపకుండా ఆడించి నడుంలోతు నిలబెట్టారు. పది గంటలకి కార్లలో ఓ ఇరవై మంది వచ్చి నల్ల కళ్లద్దాలతో గొడుగుల కింద కూర్చున్నారు. పదకొండింటికి మోటారు కాలిపోయింది. మధ్యాహ్నానికి నీళ్లు మోకాళ్ల దాకా దిగాయి. అప్పటికి ఆ జనానికి మహా సరదాగా ఉంది. "మీ చెరువులో చేపలు బాగానే పడుతున్నాయండీ" అని ఒకాయన తమ్ముడి భుజం తట్టాడు. పడవా మరి, వాటికి పోవడానికి చోటేది. నాలుగింటికి మడుగు మిగిలింది. వచ్చినవాళ్లు గాలాలు పక్కనపెట్టి, ప్యాంట్లు మడిచి దిగి, చేపల్ని చేతుల్తో ఏరుకున్నారు. వదిలేవాళ్లెవరూ కనబడలేదు, వదలడానికి నీళ్లు లేవు. వాళ్లు వెళ్లాక మిగిలినవాటి కోసం కొంగలు వచ్చాయి. తమ్ముడు గట్టు మీద నిలబడి ఒకటీ రెండూ రాళ్లు విసిరి, తర్వాత విసరడం కూడా మానేశాడు.

మర్నాడు పొద్దున అక్క వెళ్లేసరికి తమ్ముడు గోతిలో, పొడి ఇసకలో, పాదాలు దిగబడేలా నిలబడి ఉన్నాడు. మరదలు అంచున కూర్చుని ఉంది. అక్క గోతిలోకి దిగింది. ఎనిమిదడుగుల కింద నిలబడి చూస్తే నాలుగు వైపులా గోడల్లో పైన ఒక్క అంగుళం కూడా నలుపు లేదు.

"నీకు తెలుసా అక్కా, కింద ఇసకుందని?" అన్నాడు తమ్ముడు. చూపు ఇసక మీదే ఉంది.

"తెలుసు. ఎద్దుని పాతిపెట్టినప్పుడు చూశా."

"మరి చెప్పలేదే?"

ఇన్నాళ్లుగా ఈ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది. "నన్నెవరడిగారు?" అంది. ఎంతో బలంగా ఉంటుందనుకున్న మాట, ఆ గోతిలో అనేసరికి చిన్నపిల్లల మాటలా వినబడింది.

తమ్ముడు తలెత్తాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"అడగడమేంటక్కా? మూడు సాయంత్రాలు నీకు వినబడేలా చెప్పా. యంత్రం ఎక్కడా ఇరుక్కోలేదు, నేనే వారం ఆపించా. నువ్వేమైనా అంటావేమోనని. పదమూడేళ్లప్పుడు సెలవులకొచ్చి నీ వెనకాలే తిరుగుతూ అక్కా ఇది చెయ్యనా, అక్కా అది చెయ్యనా అంటుంటే నువ్వేమన్నావు? ప్రతిదానికీ నన్నడిగి చంపకురా, నీకు తోచింది చెయ్యి, తప్పైతే నేనే అరుస్తా అన్నావు. గుర్తులేదా?"

గుర్తులేదు. ఆ రోజు ఎండలో కలుపు తీస్తూ విసుగ్గా అని ఉంటుంది. అనేసి మర్చిపోయింది. వాడు ముప్పై రెండేళ్లు దాని మీద ఇల్లు కట్టుకుని బతికాడు.

"లారీలొచ్చిన రోజు నువ్వు గట్టు మీద వస్తున్నావు చూడు" అన్నాడు, "హమ్మయ్య, వచ్చింది, అరుస్తుంది, ఆపించేద్దామనుకున్నా. నాకూ లోపల భయంగానే ఉందక్కా. నువ్వు కూర్చున్నావు."

మరదలు అంచు మీద కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మీరే అలిసిపోయారేమో అనుకున్నాం వదినా" అంది. "ఇంక పొలం మీ వల్ల కావట్లేదేమో, నోరు విప్పి చెప్పుకోలేక ఊరుకుంటున్నారేమో అనుకున్నాం."

అక్కకి వాళ్లని తిట్టాలనిపించింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. మేష్టారు చేపపిల్లలు అమ్ముకునేవాడు, అమ్ముకున్నాడు. యంత్రంవాడు తవ్వేవాడు, తవ్వాడు. తమ్ముడు చిన్నప్పుడు చెప్పినట్టే చేశాడు. ఈ ఊళ్లో ప్రతివాడి తప్పూ వేలెత్తి చూపించిన మనిషికి ఆ వేలు ఎటు తిప్పాలో మొదటిసారి దొరకలేదు. అవమానం తనకే జరిగింది, అది నిజం. ఆ అవమానాన్ని గెలిపించుకోవడానికి తన మూడెకరాల్ని తనే కాపలా కూర్చుని పంపించింది, అదీ నిజమే.

తమ్ముడు దగ్గరికొచ్చాడు. వీధి వైపు కాదు, గోడ వైపు కాదు, ఆమె ఎదురుగా నిలబడి, మొహంలోకి చూశాడు.

"ఇప్పుడిందులో ఏం వేద్దామక్కా?" అన్నాడు.

ఏ నెలలో ఏ గింజ వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. పొలం గురించి ఒక్కడు, ఒక్కసారి, తనని ఎదురుగా నిలబడి అడగాలని కోరుకున్న మనిషి. అడిగాడు. అక్క వంగి పిడికెడు ఇసక తీసింది. పిడికిలి బిగించినకొద్దీ అది జారిపోయింది. చెయ్యి చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది.

"నాకు తెలీదురా" అంది.